నీళ్లలో తేలిన చెయ్యి

"ఈ కవరు తెరిచింది ఎవరు?"

టీచరు నల్ల కవరు పైకెత్తి అడిగింది. కిటికీలకు దుప్పట్లు కట్టిన ఆ గదిలో పన్నెండు మంది పిల్లలు, వాళ్ల వెనక వాళ్ల తల్లులు.

"ఇవి మందు పూసిన కాగితాలు. ఎండ తగలనంతసేపే పసుపుపచ్చగా ఉంటాయి. పైది చూడండి, మధ్యలో ఏదో మచ్చ తప్ప అంతా బూడిద రంగుకి తిరిగిపోయింది. లెక్కగా పన్నెండే తెచ్చాను. ఇప్పుడు ఒక పిల్లకి లేనట్టే కదా?"

వెనక వరసలో చిట్టి వాళ్లమ్మ చిట్టిని దగ్గరికి లాక్కుంది.

గంట క్రితం కవరు తెరిచింది తనే. తక్కిన తల్లులంతా చదువుకున్నవాళ్లు. వాళ్ల ముందు తెల్లముఖం వెయ్యకూడదని, ఆ కాగితాల మీద ఎండతో నీలి బొమ్మలు ఎలా అచ్చు వేస్తారో ముందే చూసుకుందామని పెందలాడే వచ్చింది. చిట్టిని ఉయ్యాల దగ్గర వదిలింది. అప్పటికింకా కిటికీలకు దుప్పట్లు లేవు. కాగితాలు బయటికి తీసి, గాలికి ఎగరకుండా పైన అరచెయ్యి ఆనించి, కవరు మీది అక్షరాలు కూడబలుక్కుంది. ఐదో తరగతిలో ఆగిన చదువు. 'వెలుతురులో తెరవరాదు' అని తేలేసరికి ఎండకు చెయ్యి చుర్రుమంటోంది.

"ఆయా! ఇలా రా."

చీపురు మూలన పెట్టి ఆయా వచ్చింది. చిట్టి "అమ్మ..." అనబోయింది. తల్లి దాని జబ్బ గట్టిగా నొక్కింది.

"ఏం చెప్పి తీసుకొచ్చాను ఇంటి దగ్గర? నోరు మెదపకు."

టీచరు ఆయాను నిలదీసింది. "గది తాళంచెవి నీ దగ్గరే కదా?"

"నా దగ్గరేనమ్మా."

"మరి?"

ఆయా కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఏది కనబడితే అది కెలకడమేగా వీళ్లకి," అంది ముందు వరసలోని డాక్టరమ్మ.

చెప్పెయ్యాలి. రెండు ముక్కలు. 'నేనే తెరిచానండీ.' చిట్టి వాళ్లమ్మ డాక్టరమ్మ వైపు చూసి ఆగిపోయింది.

"ఎవరి పనో కాగితమే చెబుతుందిలెండి." టీచరు ఆ కాగితాన్ని నీళ్ల పళ్లెంలో ముంచి అటూ ఇటూ ఊపింది. బూడిద రంగు పోయి నీలం దిగింది. నీలం మధ్యలో తెల్లగా ఒక చెయ్యి తేలింది. నాలుగు వేళ్లు తిన్నగానే ఉన్నాయి. చిటికెన వేలు మాత్రం కొడవలిలా లోపలికి వంగి ఉంది.

చిట్టి వాళ్లమ్మ కుడి చెయ్యి కొంగులో చుట్టేసుకుంది.

"ఏదీ, నీ చెయ్యి చూపించు ఆయా."

ఆయా చాచింది. కాయలు కాచిన చెయ్యి. చిటికెన వేలు అచ్చం కొడవలే.

"ఇంకేం, దొంగ దొరికింది!" డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. గది గొల్లున నవ్వింది.

"ఇప్పుడేమంటావు?" అంది టీచరు.

ఆయా ఒక్కసారి వెనక వరస వైపు చూసి చప్పున కళ్లు దించుకుంది. "నేనేనమ్మా. బుద్ధి గడ్డి తిని ముట్టుకున్నాను."

"నా సామాను ముట్టుకోవద్దని మొన్ననేగా చెప్పాను? ఆఫీసులో చెప్పేస్తాను. రేపట్నుంచి పనిలోకి రాకు."

ఆయా చీపురు అందుకుంది. చిట్టి వాళ్లమ్మకు చెవులు కాలిపోతున్నాయి. భూమి చీలితే అందులోకి దిగిపోయేలా ఉంది. తలుపు దాకా వెళ్లిన ఆ అరిగిన చెప్పుల కేసి చూస్తూ నిలబడిపోయింది.

చిట్టి మాత్రం ఎప్పుడు జారుకుందో, పళ్లెం మీదకు వంగి, ఆ తెల్ల చెయ్యి పక్కన తన బుల్లి చెయ్యి పెట్టి చూసుకుంటోంది. దాని ముఖం చాటంత అయింది. ఒక్క పరుగున వెళ్లి ఆయా చెయ్యి పట్టుకుని అందరికీ కనబడేలా పైకెత్తింది.

"మా ఇంట్లో అందరికీ ఈ వేలు ఇలాగే ఉంటుంది టీచర్! నాకూ, అమ్మకూ, ఇదిగో, మా అమ్మమ్మకూ!"