నయీమా ఇంటి పచ్చమరక

"సాసోన్, నీ బాత్రూమ్ నా నెత్తిన కారుతోంది," అంది కింది వాటా నయీమా, మెట్ల మీద అడ్డంగా నిలబడి.

ఇది కొత్త మాట కాదు. చలికాలం నుంచీ వింటున్నదే. సాసోన్ నిమ్మకు నీరెత్తినట్టు నిలబడ్డాడు.

"వాన నీళ్ళేమో అక్కా."

"చలికాలపు వానలు పోయి, పస్కా పండగ కూడా వెళ్ళింది. ఇంకా ఎక్కడి వానయ్యా? ఒక్కసారి వచ్చి చూడు. నా కప్పు మీద మరక పచ్చగా, అంచుల్లో ఎర్రగా ఎట్లా ఉందో."

"చూస్తాలే అక్కా, తర్వాత."

చూస్తే బాగు చేయించాలి. బాగు చేయించాలంటే బాత్రూమ్ నేల పగలగొట్టాలి. ఆ నేల మీదున్నవి మామూలు టైల్సా? దుకాణం మూసేస్తుంటే సగం ధరకు పట్టుకొచ్చి, మోకాళ్ళు అరిగేలా తనే పరుచుకున్న నీలిరంగు టైల్స్. ఒక్కటి పగిలితే, యెరూషలేం అంతా గాలించినా అలాంటిది మళ్ళీ దొరకదు. పైగా ప్లంబర్ ఊరికే రాడు. సాసోన్ అసలే ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి.

నయీమా చేతిలోని గిన్నె మూత సర్దుకుని మెట్లు దిగిపోయింది. ప్రతి గురువారం ఆమె ప్రార్థనా మందిరం గురువు రబ్బీ మెనాషేకు, మాంసం కూరిన కుబ్బె ఉండల పులుసు పట్టుకెళ్తుంది. పెద్దాయన, ఒంటరివాడు, వంట రాదు. పుణ్యాత్మురాలు, అనుకున్నాడు సాసోన్, తన జోలి వదిలినందుకు.

రబ్బీ మెనాషే శనివారం ప్రసంగమంటే ఆ వీధికి గురి. ధర్మశాస్త్రం తోరాలో ఆ వారం ఏ భాగం చదివినా, అది ఆ వీధి వాళ్ళ కోసమే రాసినట్టు చెబుతారు. నోవహు ఓడ వచ్చిన వారం, "ఓడకు ఒక్కటే తలుపు. అన్ని జంతువుల్లో ఒక్కటైనా దానికి అడ్డంగా స్కూటర్ పెట్టిందా?" అని అడిగారు. మర్నాటికల్లా పై వాటా హెస్కెల్ స్కూటర్ మెట్ల దగ్గర్నుంచి మాయమైంది. ఎప్పటి గ్రంథం, ఎప్పటి స్కూటర్ అని జనం ముక్కున వేలేసుకున్నారు.

ఈ శనివారం భాగం ఇళ్ళకు పట్టే తెగులు గురించి. సాసోన్ వెనక బెంచీలో కునుకు తీస్తున్నాడు.

"పచ్చమరకలు, ఎర్రమరకలు, లోపలికి దిగినట్టుంటాయట," అంటున్నారు రబ్బీ. "అది శాపం అనుకునేరు. పూర్వం మనవాళ్ళు కనాను దేశం మీదికి వస్తుంటే, అక్కడివాళ్ళు భయపడి బంగారమంతా ఇళ్ళల్లో దాచారు. దేవుడు ఆ ఇళ్ళకు మరక పుట్టించి, పగలగొట్టించి, బంగారం మన చేతికిచ్చాడని పెద్దల మాట. మరి ఇవాళ మరక కనబడితే మనమేం చేస్తున్నాం? సున్నం కొడుతున్నాం."

సాసోన్ కునుకు వదిలిపోయింది. తన వాటాలో ముందు కాపురమున్నది బాగ్దాద్ నుంచి వచ్చిన కంసాలి. బ్యాంకులను గానీ బంధువులను గానీ నమ్మని మనిషని చెప్పుకునేవారు.

మధ్యాహ్నం భోజనం సగంలో వదిలి నయీమా తలుపు తట్టాడు.

"అక్కా, ఆ మరక చూద్దామని."

"ఇప్పుడెందుకులే. నాకు అలవాటైపోయింది."

"అట్లా అంటే ఎలా? ఇరుగుపొరుగు అన్నాక..."

తలెత్తి చూశాడు. పచ్చగా ఉంది. అంచుల్లో ఎర్రగా ఉంది.

"లోపలికి దిగినట్టుందా అక్కా?"

"రోజురోజుకీ దిగుతోంది."

సాసోన్ కుర్చీ ఎక్కి మరకను వేలితో తట్టి చూశాడు.

"నువ్వు టైల్స్ పాడు చేసుకోకు," అంది నయీమా. "రేపు మనిషిని పిలిచి నా వైపు నుంచే పగలగొట్టిస్తాను. పైనుంచి ఏది ఊడిపడినా నేనే ఎత్తుకుంటాలే."

"వద్దక్కా." అతని గొంతు కీచుమంది. "తప్పు నాది, ఖర్చు నాది. ఏం దొరికినా... అంటే, ఏం జరిగినా బాధ్యత నాదే."

"నీది ఎంత మంచి మనసు," అంది నయీమా, తలగుడ్డ కొసతో కళ్ళొత్తుకుంటూ.

శనివారం సబ్బాతు, పనులు చేయకూడని రోజు; సుత్తి ముట్టకూడదు. సాసోన్ దాన్ని దూరం నుంచే చూస్తూ ఆ పూట ఎలాగో గడిపాడు. ఆదివారం తెల్లవారగానే మొదలుపెట్టాడు. మొదటి టైల్ పగిలినప్పుడు ఏడుపొచ్చింది. ఆ తర్వాత కంసాలి ముఖం తలుచుకుంటూ కొట్టాడు. పైన హెస్కెల్ కుక్క దెబ్బదెబ్బకూ మొరిగింది. అది దెబ్బలు లేకపోయినా మొరుగుతుంది.

ఖంగుమంది.

సాసోన్ సుత్తిని ముద్దు పెట్టుకుని, బలంకొద్దీ మళ్ళీ కొట్టాడు. నీళ్ళు ఎగజిమ్మి మొహాన కొట్టాయి.

"ఈ పైపు చాలా రోజుల నుంచి కారుతోంది," అన్నాడు ప్లంబర్, కొత్తది బిగించి చెయ్యి చాపుతూ. "ఇప్పటికైనా పగలగొట్టారు, మంచి పని."

కొండను తవ్విన వాడికి ఎలుకైనా దొరుకుతుంది. సాసోన్‌కు బిల్లు దొరికింది.

అయినా ఆశ చావలేదు. వంటింటి నేల ఇంకా మిగిలే ఉంది. కాకపోతే అక్కడ మరక లేదు. మరక లేకుండా పగలగొట్టవచ్చా? రబ్బీ గారినే అడుగుదామని గురువారం సాయంత్రం బయల్దేరాడు.

రబ్బీ ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. పులుసు వాసన వీధిలోకి వస్తోంది. సాసోన్ తట్టబోయి, లోపలి మాటలు విని ఆగాడు.

"ఇంకో ఉండ వేసుకోండి రబ్బీ గారూ," అంటోంది నయీమా, "స్కూటరూ పోయింది, ఇంట్లో కారడమూ ఆగింది, ఇక ఆ హెస్కెల్ కుక్క నోరు మూయించే భాగం ఏ వారం వస్తుందో కాస్త వెతికి పెట్టండి."