చేతికిచ్చిన ఉప్పు

“సెయ్యి పట్టు పోతమ్మత్తా. మా బడి లేబ్‌లో నానే సేసేను,” అంటూ పక్కింటి దుర్గ కాగితం పొట్లం విప్పింది. లోపల చిటికెడు తెల్లటి ఉప్పు ఉంది.

యారాడ సముద్రతీరం ఇసుకలో చేపలు ఎండబెడుతున్న పోతమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. “ఉప్పు సేతికిత్తారేటే? తగువులొచ్చేత్తాయి. కింద పెట్టు.”

“ఏసిడ్‌లో కాస్టిక్ సోడా కలిపిన నీరు సుక్కసుక్కా పోసేనత్తా. విడిగా ఏది తగిలినా సెయ్యి కాలిపోతాది. కొలత కుదిరితే రెండిటి పొగరూ అణిగిపోతాది. ఆ నీరు మరిగిత్తే ఉప్పు మిగుల్తాది. తినీకు మరి, సూడ్డానికే.”

“తినని ఉప్పు నాకెందుకే?”

“ఇంకెవులికి సూపించను? అమ్మ హార్బరుకెల్లిపోనాది.”

పోతమ్మ మొగుడు సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాక మూడేళ్లయింది. కూరలో ఉప్పు ఎక్కువైందని రోజూ పోట్లాడేవాడు. ఇప్పుడా ఇంట్లో ఆమెతో మాటకు మాట అనే మనిషి లేడు.

దుర్గ పొట్లం ఇసుక మీద పెట్టబోయింది. పోతమ్మ కొంగుతో అరచెయ్యి తుడుచుకుని ముందుకు చాపింది.

“సేతిలోనే ఎయ్యే.”

“తగువొత్తాదన్నావు కదత్తా?”

“రానీ. రేపు సందేల వచ్చి నాతో తగువాడు.”