సగం రాసిన స్టోరీ

“ఇది స్టోరీనా తాయీ? ముహూర్తం రాయకుండా పెళ్లి పత్రిక పంచినట్టుంది!”

హృషీకేశ్ చేతిలోని చీటీని బల్ల మీదికి విసిరాడు. పుణెలోని ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసు మూడో అంతస్తులో, మీటింగ్ గదిలో ఉన్నవాళ్లంతా ఒక్కసారి తలెత్తారు.

వాడేవాళ్లకు ఏం కావాలో కనుక్కుని చీటీ మీద రాసుకురావడం, అతను తాయీ, అంటే అక్కా, అని పిలిచే మృణ్మయి పని. ఆ చీటీనే వాళ్లు స్టోరీ అంటారు. ఎవరికి, ఎందుకు, ఎంతమందికి, తేడా వస్తే ఏం చేయాలి... ఇలా ఏడు ప్రశ్నలుంటాయి. ఏడింటికీ జవాబుంటేనే అది గోడ మీది ‘రెడీ’ గడిలోకి ఎక్కుతుంది. ఎక్కనిదాన్ని ఎవరూ ముట్టుకోరు. టీమంతా కలిసి పెట్టుకున్న కట్టుబాటు అది.

ఈ చీటీ నాలుగు వారాలుగా ఎక్కడం లేదు.

అలాగని పెద్ద పనేం కాదు. ఉద్యోగం మానేసినవాళ్ల మెయిల్, గేటు కార్డు, లాప్‌టాప్ అన్నీ ఒక్క బటన్‌తో మూతపడాలి. ఇప్పుడు ఒక్కొక్కటీ మూసేసరికి మూడు రోజులు పడుతోంది.

“ఒకేసారి ఎంతమందివి మూయాలి? రాయలేదు. ఎవరి అనుమతితో? రాయలేదు. మనిషి లోపలుండగానే కార్డు మూసేస్తే బయటికెలా పోతాడు? గోడ దూకాలా?”

టెస్టర్ ఉల్క కిసుక్కున నవ్వింది. మృణ్మయి నవ్వలేదు.

“కనుక్కుంటాను. ఈ వారానికి వెనక్కి పంపెయ్.”

“పోయిన వారమూ ఇదే పాట పాడావు!”

అతని కోపానికి కారణముంది. పనులు ఆలస్యమవుతున్నాయని ఇప్పటికి రెండు నోటీసులు అందుకున్నాడు. నెలాఖరుకు ఈ బటన్ ఇవ్వకపోతే టీమ్ లీడ్ కుర్చీ వదులుకోమని పైవాళ్లు మొహం మీదే చెప్పేశారు. ఆ కుర్చీ దాకా రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

పోనీ ఆమె కొత్తదా అంటే అదీ కాదు. ఇన్నేళ్లలో మృణ్మయి చీటీలో వంక పెట్టడానికి సందు దొరికేది కాదు. ఇప్పుడేమిటీ నిర్లక్ష్యం! తప్పు ఆమెది, కత్తి తన మెడ మీద!

“చేతకాకపోతే చెప్పు తాయీ. నేనే వెళ్లి రణదివే సర్‌ని అడుగుతా.”

“వద్దు.” మొదటిసారి ఆమె గొంతు లేచింది. “ఆయన దగ్గరికి వెళ్లకు హృషీ. నా పనిలో తలదూర్చకు.”

“నీ పని నువ్వు చేసి ఏడిస్తే నాకీ ఖర్మ ఎందుకు?”

తలుపు ధడేలుమంది.

సిబ్బంది వ్యవహారాలన్నీ రణదివేవే. ఆయన హృషీకేశ్‌ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. అడిగినవాటికి ఠకీఠకీమని జవాబులు చెప్పాడు.

“ఎంతమందివైనా ఒకేసారి మూతపడాలి. అనుమతి నాదొక్కడిదే. లోపలున్నవాడికి గేటు ఒక్కసారి తెరుచుకుంటే చాలు, అదీ బయటికి పోవడానికి.” సొంత తమ్ముడిలా భుజం తట్టాడు. “నువ్వు ముందే రావాల్సింది భావూ. ఇది లేక నెల రోజులుగా నా పనంతా ఆగిపోయింది.”

మధ్యాహ్నం భోజనం కూడా మానేసి హృషీకేశ్ ఏడు జవాబులూ తన చేత్తోనే రాశాడు. మూడింటికి అందరినీ మళ్లీ గదిలోకి పిలిచాడు. అలవాటు ప్రకారం సమ్మతిగా బొటనవేళ్లు లేచాయి. మృణ్మయి చేతులు మాత్రం ఒళ్లోనే ఉన్నాయి.

“ఆవిడ సంతకం కోసం ఆగాలా?” అంది ఉల్క.

“అక్కర్లేదు. ఏడు ప్రశ్నలు, ఏడు జవాబులు. చాలు.”

చీటీని ‘రెడీ’ గడిలో అంటించి, ఊడకుండా అరచేత్తో గట్టిగా చరిచాడు.

“చూశావా తాయీ? నువ్వు నెల రోజులు నానబెట్టింది నేను రెండు గంటల్లో తేల్చేశా. నా కుర్చీ నిలబెట్టుకోవడం నాకు తెలుసు.”

ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. మృణ్మయి కదల్లేదు. ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అది చూసి అతనికి ఇంకా మండింది.

“మళ్లీ ఈ ఏడుపొకటి! ఇంకా ఏం వంక మిగిలింది అందులో?”

ఆమె వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

“అది మానేసినవాళ్ల కోసం కాదు హృషీ, తీసేయబోతున్న నలభైమంది కోసం, అందులో నీ పేరుందని తెలిసే నెల రోజులుగా దాన్ని సగంలోనే ఆపుతూ వచ్చాను.”