ఖ్వాన్ బెదరకుండా

స్కానింగ్ గదిలో చంతీని అయిదు నిమిషాలే ఉంచారు. బాగా తిని విశ్రాంతి తీసుకోమని చెప్పి పంపేశారు. ఆమె మొగుడు సీతోన్‌ను మాత్రం అరగంట దాకా వదల్లేదు.

బయట బల్ల మీద చంతీ కూర్చోలేకపోయింది. లేచి తలుపు దాకా వెళ్లింది. తిరిగొచ్చింది. మళ్లీ వెళ్లింది. చీ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో తలుపు వెనక అంతసేపు మాట్లాడారంటే ఏమిటో అందరికీ తెలుసు. పచ్చి చేపలోని పురుగు పిత్తనాళంలో చేరి ఏళ్ల తరబడి అక్కడే బతుకుతుంది. చివరికి గడ్డ కడుతుంది. చంతీ వాళ్లక్క అలాగే పోయింది.

సీతోన్ బయటికొచ్చాడు. అప్పుడే ముఖం కడుక్కున్నట్టున్నాడు.

"గ్యాసంట," అన్నాడు.

చంతీ ఇంకేమీ అడగలేదు. రోగి ముందు జబ్బు పేరు ఎత్తకూడదు. ఎత్తితే ఒంటిని కాసే ఆత్మ, ఖ్వాన్, బెదిరి ఎగిరిపోతుంది. అందుకే గ్యాసని చెబుతారు. అక్కకూ చివరి రోజు దాకా చంతీ ఆ మాటే చెప్పింది. వెళ్లొస్తానని కూడా అనకుండా వెళ్లిపోయింది అక్క. వెళుతున్నట్టు ఆమెకు తెలిస్తే కదా.

పాపం, ఈయనా నమ్మేశాడు.

నలభై ఏళ్లు తన చేత్తోనే పెట్టింది. నది చేపను పచ్చిగా తరిగి, మిరపపొడి, ఎర్రచీమలు కలిపి, నిమ్మరసం పిండితే చాలు, ఉడికినట్టే అనుకునేవారు ఊరంతా. ఉప్పు సరిపోయిందో లేదో నోట్లో వేసుకుని చూసి మరీ పెట్టింది.

ఆ రోజు నుంచి ఆమెకు కాలు నిలవలేదు. పసుపుకొమ్ములు దంచి, తేనెతో ఉండలు కట్టి మొగుడి చేత మింగించింది. ఆ దంచడానికి అరచేతులు పచ్చబడ్డాయి. ఎంత కడిగినా పోలేదు. దిగులుకు అన్నం సయించలేదు. ఒళ్లంతా ఒకటే దురద. ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి తిరిగింది.

సీతోన్ తీరు ఆమెను ఇంకా బెదరగొట్టింది. ఏనాడూ పొయ్యి దగ్గరికి రానివాడు వచ్చి కూర్చుని, జిగురు బియ్యం ఎంతసేపు నానాలి, ఆవిరి బుట్టను ఎప్పుడు తిరగెయ్యాలి అని అడిగాడు.

"ఈ వయసులో వంట నేర్చుకుంటావేమయ్యా? కొత్తగా తెచ్చుకునేదానికి వంట చేతకాదా?"

"చేతకాకపోతే నేనే వండిపెట్టాలిగా," అంటూ నవ్వబోయాడు. పొగ పట్టిందని కళ్లు తుడుచుకున్నాడు.

వారం తిరగ్గానే ఆరోగ్య కార్యకర్త వాన్‌దీ వచ్చింది. కోన్‌కెన్ పెద్దాసుపత్రిలో మంచం దొరికిందట. ముందు నాళంలో సన్నటి గొట్టం వేసి, ఆగిపోయిన పైత్యరసాన్ని వదిలిస్తారట. కత్తి పెట్టాలా వద్దా అన్నది తర్వాత చూస్తారట. ఇదంతా ఆమె వాకిట్లో సీతోన్‌కు గొంతు తగ్గించి చెబుతుంటే, చంతీ తడిక వెనక నిలబడి వింది. వాన్‌దీ వెళ్లబోతుంటే పెరట్లోకి లాక్కుపోయింది.

"నాకంతా తెలుసే అమ్మాయ్. ఆయన దగ్గర మాత్రం నోరు జారి ఆ జబ్బు పేరు ఎత్తకు. తట్టుకోలేడు."

వాన్‌దీ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

కోన్‌కెన్ బస్సులో చంతీ దారి పొడుగునా సంచీ విప్పి, కట్టి, మళ్లీ విప్పింది. మొగుడి లుంగీలు, పసుపు ఉండలు, చాప. అన్నీ ఉన్నాయి. ఆలస్యం కాకుండా చేరితే చాలు. అక్కలా ఈయన్ని పోనివ్వదు.

వార్డులో కిటికీ పక్క మంచం చూపించారు. చంతీ దుప్పటి సర్ది, దిండు దులిపి, పక్కకు జరిగింది.

"పడుకోవయ్యా. నేనిక్కడే కింద చాప వేసుకుంటా. ఎక్కడికీ పోను."

సీతోన్ కదల్లేదు. తల ఎత్తలేదు.

నర్సు వచ్చి, కాగితంలో పేరు చూసుకుని, రోగులకు కట్టే ప్లాస్టిక్ పట్టీని చంతీ మణికట్టుకు బిగించింది.