పక్కవాద్యం

పద్యం సగంలో ఉండగా రామాయమ్మ చిరతలు ఆపేసింది.

వెనక్కి తిరిగి, వయొలిన్ వాయిస్తున్న మీరా సాహెబ్ వంక చూసింది.

"కమాను కింద పెట్టు సాయిబూ. శ్రుతంటే ఏందో తెలియకుండానే ఇన్నాళ్లూ నా పక్కన కూచున్నావా?"

మైకు నోటి ముందే ఉంది. ఈపూరు పందిట్లో ఉన్నవాళ్లందరికీ ఆ మాట వినిపించింది.

మీరా సాహెబ్ వయొలిన్ పెట్టెలో సర్దుకుని, తల వంచుకుని వేదిక దిగి వెళ్లిపోయాడు.

మిగిలిన హరికథను ఆమె పాట లేకుండా, మాటలతోనే ముగించింది.

ఆమె కోపానికి కారణం లేకపోలేదు.

చుట్టుపక్కల ఊళ్లలో హరికథంటే రామాయమ్మ పేరే చెప్పేవారు. సీతమ్మ అడవిలో ఒంటరిగా మిగిలిపోయే ఘట్టం ఆమె పాడుతుంటే, మిరప కోతలకు పోయి అలిసి వచ్చిన ఆడవాళ్లు కూడా కునుకు మరిచి కొంగులతో కళ్లు ఒత్తుకునేవారు.

అలాంటిది, ఈమధ్య కథ రక్తి కట్టడం లేదని ఊరూరా అంటున్నారు. ఆమె గొంతు బంగారమేననీ, పక్కనున్న ఆ వయొలినే అపస్వరాలు పలికి కథను పాడు చేస్తోందనీ అంటున్నారు.

మీరా సాహెబ్ ఆమెకు పాత పరిచయస్థుడేమీ కాదు. ఏళ్ల తరబడి ఆమె పక్కన వయొలిన్ వాయించిన వెంకటప్పయ్య పక్షవాతంతో మంచాన పడితే, ఎవరో చెప్పగా మాచర్ల నుంచి వచ్చాడు. నాటకాలకూ, బుర్రకథలకూ, పెళ్లి బ్యాండ్లకూ వాయించిన చెయ్యి. మాట తక్కువ. కథ అయ్యాక పెట్టింది తిని బస్సెక్కేవాడు. అతని గురించి ఆమెకు తెలిసింది అంతే.

ఈపూరు సంగతి జరిగిన వారానికి అతను నరసరావుపేటలో ఆమె ఇంటికి వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు.

మళ్లీ పెట్టుకోమని అడగడానికి వచ్చాడనుకుంది రామాయమ్మ. అతను అది అడగలేదు.

"కొత్తగా ఎవర్ని పెట్టుకున్నా, మెత్తటి మనిషిని చూసి పెట్టుకోండమ్మా," అన్నాడు.

తనకే బుద్ధులు చెబుతున్నాడని ఆమెకు ఒళ్లు మండింది. గేటు వేసేసి లోపలికి వెళ్లిపోయింది.

వేదిక మీంచి ఆమె అతన్ని దింపేసిన వీడియో అప్పటికే ఫోన్లలో తిరుగుతోంది. ఆ తర్వాత అతన్ని ఏ నాటక సమాజమూ పిలవలేదు. అతని గురించి వాకబు చేసినవాళ్లకు రామాయమ్మే వద్దని చెప్పింది. దాచేపల్లి దగ్గర ఏదో రాళ్ల క్రషర్‌లో వాచ్‌మన్‌గా చేరాడని తెలిసినప్పుడు, పోనీలే, బతకడానికి ఒక దారి దొరికింది అనుకుంది.

అతని చోట్లోకి చరణ్ వచ్చాడు. సంగీతంలో డిప్లొమా చేసి, బళ్లో పాఠాలు చెప్పుకుంటున్నవాడు.

అతనితో మొదటి కథ గురజాల తిరునాళ్లలో పడింది.

మొదటి కీర్తనకే ముందు వరసవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కాసేపటికి వెనకవాళ్లు లేచి దులుపుకున్నారు. సీతమ్మ రామా అని పిలిచే చోట ఎవరో కిసుక్కున నవ్వారు. కమిటీ పెద్ద దగ్గరకొచ్చి, ఇంక మంగళం పాడేయమన్నాడు.

వేదిక దిగగానే ఆమె చరణ్ మీద విరుచుకుపడింది. ఆ సాయిబుకీ నీకూ తేడా ఏముందని అడిగింది.

అతను తల దించుకునే చెప్పాడు.

"అమ్మా, నా వయొలిన్ శ్రుతిలోనే ఉంది. జారిపోతోంది మీ గొంతు."

ఆమె నమ్మలేదు. నమ్మకపోయినా నిద్ర పట్టలేదు. నాలుగు రోజులు చూసి చెవుల డాక్టరు దగ్గరకు వెళ్లింది.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, రామాయమ్మ చేతి మీద చెయ్యి వేసి చెప్పింది. రెండు చెవులూ పోతున్నాయి. ఇది ఇవాళ మొదలైంది కాదు, కొన్నేళ్లయింది. పాడే మనిషికి తన స్వరం తనకే సరిగ్గా చేరడం లేదు. పోయింది తిరిగి రాదు.

రామాయమ్మ ఇంటికి పోలేదు. బస్టాండుకు వెళ్లి మాచర్ల బస్సెక్కింది.

మీరా సాహెబ్ చేతులు పట్టుకుని, తప్పు నాదే, పాపం నీకు అంటగట్టాను అని చెప్పాలి. పదిమందిలో అన్న మాటను పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి. పిడుగురాళ్ల దాటి, సున్నపు దుమ్ములో బస్సు పోతున్నంతసేపూ అదే అనుకుంది.

ఒక్క సంగతి మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. జారింది తన గొంతయితే, జనం అన్నాళ్లూ అతని వయొలిన్‌ను ఎందుకు తప్పుపట్టారు?

ఇల్లు కనుక్కునేసరికి మధ్యాహ్నమైంది. అతని కూతురు అబిదా తలుపు తీసింది. నాయన పోయి నెల దాటిందని చెప్పింది. క్రషర్ గేటు దగ్గర, వెనక్కి వస్తున్న లారీ కింద పడ్డాడట.

రామాయమ్మ గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

అబిదా మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ పిల్ల ముఖంలో కోపమన్నది లేదు. అందుకే ఆ ముఖంలోకి చూడలేక, నేల వంక చూస్తూ తన చెవుల సంగతంతా చెప్పింది రామాయమ్మ.

అబిదా మెల్లగా ఏదో అంది.

వినపడలేదు. మళ్లీ చెప్పమంది.

అబిదా పక్కనే కూర్చుని, చెవి దగ్గరగా వంగి గట్టిగా చెప్పింది.

"మీ చెవుల సంగతి మా నాయనకి మొదటి కథనాడే తెలుసమ్మా. మీతో చెప్పమని నేను చానాసార్లు పోరాను. చెప్తే ఆమె ఇంక నోరు తెరవదే, అట్టాంటి కథ మళ్లీ ఎవరు చెప్తారు అనేవాడు. అందుకే మీ గొంతు జారిన చోటల్లా తనూ కావాలనే స్వరం జార్చేవాడు, జనం తిడితే తననే తిట్టాలని."