కార్డులో వయసు

జూలూరుపాడులో నెట్ సెంటర్ నడిపే యశోద ఒక పెద్ద క్యాన్సర్ ఆస్పత్రి వెబ్‌సైటు తెరిచింది. రోగి వివరాలు నింపితే కీమో వల్ల ఎంత మేలో అది అంత పొడవు పచ్చ గీత గీసి చూపిస్తుంది.

పగిడయ్య తన భార్య నాగక్క రిపోర్టు అందించాడు. అందులో వయసు డెబ్బై అని ఉంది. యశోద అదే కొట్టింది. తెర మీద పచ్చ గీత గోరంత వచ్చింది.

"కీమోతోని పెద్ద ఫాయిదా లేదంటుంది పెద్దయ్యా."

"అవ్, డాక్టర్ సారు గట్లనే అన్నడు. ఈ వయసుల వద్దన్నడు."

లేవబోయినవాడు మళ్లీ కూర్చున్నాడు.

"యాభై వేసి చూడు బిడ్డా."

"ఎందుకు?"

"దాని అసలు వయసు గదే. పింఛను వస్తదని రేషన్ కార్డుల నేనే ఎక్కువ రాయించిన. దవాఖానల గా కార్డు చూసే రాసుకున్నరు."

యశోద యాభై కొట్టింది. పచ్చ గీత జానెడు సాగింది.

"జల్దీ పోయి డాక్టరుకు చెప్పు పెద్దయ్యా! కీమో ఇస్తరు."

పగిడయ్య ఆ గీతను ఈ కొస నుంచి ఆ కొసదాకా వేలితో తడిమాడు.

"నిన్ననే దాని దినాలు చేసినం బిడ్డా. రోగమే తిన్నదా, నేను రాయించిన వయసు తిన్నదా... గది తెలుసుకుందామని వచ్చిన."