మూత పెట్టిన గ్లాసు

"ఆపు డెల్మర్! ముందా పెనం దించు!"

వెర్నా వంటింటి గుమ్మంలోనే ఆగిపోయి, ఏప్రాన్ అంచుతో ముక్కు మూసుకుంది. పొయ్యి మీద వెన్నలో పెకాన్ పప్పులు ఎర్రగా వేగుతున్నాయి. నవంబరు వచ్చిందంటే జార్జియాలో ఆ ఊళ్లో ఎవరింటికెళ్లినా ఇదే వాసన. ఈ ఇంట్లోకి మాత్రం నలభై ఒక్క ఏళ్లలో ఒక్క పెకాన్ గడప దాటి రాలేదు. పలుకు నోట్లో పడితే చాలు, వెర్నాకు గొంతు పూడుకుపోయి ఊపిరాడదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి చావు తప్పి కన్ను లొట్టపోయింది. ఆ రోజు ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తిన మనిషే ఇప్పుడు తాపీగా గరిటె తిప్పుతున్నాడు.

"కంగారుపడకండమ్మా. మాడనిస్తానా?" అన్నాడు డెల్మర్.

"ఎక్కడివి ఇవి?"

"ఎవరో పుణ్యాత్ములు వరండాలో సంచి పెట్టి వెళ్లారు."

పక్కింట్లో కొత్తగా దిగినవాళ్లయి ఉంటారు. చెట్టు కాస్తే నలుగురికీ పంచడం ఆ ఊరి మర్యాద. వాళ్లకేం తెలుసు పాపం.

డెల్మర్ ఆమెను 'మీరు' అనడం మొదలుపెట్టి ఆరు నెలలైంది. ఎవరో పనికి కుదిరిన మనిషి అనుకుంటున్నాడు. మొదట పేరు మరిచాడు, తర్వాత మొహం మరిచాడు. సాయంత్రం ఐదయ్యేసరికి ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే విస్కీ కాక్‌టెయిల్ కలపడం మాత్రం మరవలేదు. మతి పోయినా చేతి నేర్పు పోలేదు.

కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. చలిగాలి ఇల్లంతా తిరుగుతోంది. చలి అన్న సంగతి కూడా మరిచాడు కాబోలు అనుకుంటూ వెర్నా పెరటి తలుపు దగ్గరికి వెళ్లి, ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని నిలబడింది. జేబులో ఫోను మోగింది. అక్క ఇలోయిస్.

"ఏం చేస్తున్నాడే మీ దొరగారు?"

"పెకాన్లు వేయిస్తున్నాడు."



"నీ ఇంట్లోనా?"

"నా ఇంట్లోనే."

"అయింది! నీ ప్రాణం మీదికొచ్చిన రోజు మతిమరుపు వాళ్లను చూసుకునే హోముకి పంపిస్తానన్నావు. వచ్చింది. ఇంకా దేనికోసం చూస్తున్నావు? ఒంటరిగా ఎన్నాళ్లు చస్తావే?"

"ఈయన్ని పంపేస్తే ఒంటరిదాన్ని కానా అక్కా?"

"ఇప్పుడేదో జంటగా ఉన్నట్టు! ఒకే కప్పు కింద ఉంటున్నారు, అంతే. ఊ అను, రేపు పొద్దున్నే హోము వాళ్లను పంపిస్తాను."

"కాసేపాగి చెప్తాలే," అని వెర్నా ఫోను పెట్టేసింది. అక్క నోరు చెడ్డదే కానీ అబద్ధం చెప్పదు.

డెల్మర్ పప్పుల్ని దంచి పంచదార పాకంలో వేశాడు. పొంగగానే దించి వడకట్టాడు. గ్లాసులో ఒక చెంచా పాకం, రెండు చుక్కల చేదు బిట్టర్స్, ఆపైన బర్బన్ విస్కీ పోసి, పెద్ద ఐసు ముక్క జారవిడిచాడు. ముప్పై సార్లు కలిపాడు. లెక్క తప్పలేదు. నారింజ తొక్క మెలిపెట్టి వేసి, గ్లాసు పట్టుకుని వెర్నా ముందుకొచ్చాడు. అవతల కిటికీ గట్టు మీద ఇంకో గ్లాసు, సాసరు మూతతో ఉంది. అది తనకని ముందే కలుపుకున్నాడేమో.

"తీసుకోండి. పొద్దస్తమానం నాకు చాకిరీ చేస్తున్నారు. ఇది మీ కోసమే."

"నాకొద్దు."

"ఒక్క గుక్క. మామూలుది అందరూ కలుపుతారు. పెకాన్ వేసి తాగితే దాని దర్జాయే వేరు."

"డెల్మర్, నా మొహంలోకి చూడు. అది తాగితే నాకేమవుతుందో నీకు నిజంగా తెలీదా?"

అతను చూశాడు. బుద్ధిగా, శ్రద్ధగా చూశాడు.

"ఎందుకు తెలీదూ? రేపూ కావాలంటారు!" అని తన జోకుకి తనే పకపకా నవ్వాడు.

వెర్నాకు ఏడుపు ఆగలేదు. పేరు మరిస్తే ఓర్చుకుంది. మొహం మరిస్తే సర్దుకుపోయింది. తన ప్రాణాన్ని కూడా మరిచిపోయాడంటే ఇక అతనిలో తనకు చోటెక్కడుంది? ఫోను తీసి అక్కకు రెండు ముక్కలు రాసింది. "రేపు రమ్మను." పంపేసింది కూడా.

కళ్లు తుడుచుకుని ఆ సాసరు మూత వైపు చూసింది. రేపటినుంచి ఐదు గంటలకు ఈ వంటింట్లో గ్లాసు చప్పుడుండదు. ఈ ఒక్కసారైనా అతని చేతిది తాగాలనిపించింది.

"ఆ గ్లాసులోనూ పెకాన్లు వేశావా?"

"లేదు. అది మామూలుది."

"అయితే నాకు అదివ్వు." ఆమె కిటికీ వైపు చెయ్యి చాపింది.

డెల్మర్ ఒక్క అంగలో అడ్డమొచ్చాడు. ఆరు నెలల్లో అతని గొంతు అంత గట్టిగా పలకడం ఇదే మొదలు.

"ముట్టుకోకండి! సంచి విప్పకముందే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని కలిపి మూతపెట్టాను. వాసన పోవాలని కిటికీలన్నీ తెరిచాను. మీరు త్వరగా తాగేసి గ్లాసు కడిగేయండమ్మా, మా ఆవిడ ఇంటికొచ్చే వేళయింది. పెకాన్ పలుకు సోకిందంటే నా వెర్నా నాకు దక్కదు."